ల్యాప్‌టాప్ మొరాయిస్తే అబ్బాయి దారి మార్చాలా?

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో సి.ఎస్.ఇ. మూడో సంవత్సరం చదువుతున్నాడు. ప్రాజెక్టు కోసం ఆండ్రాయిడ్ స్టూడియోలో యాప్ చేస్తూ రాత్రి రెండింటి దాకా తెరమీద తిరిగే గుండ్రాన్ని చూస్తూ కూర్చుంటాడు; చివరికి ఎర్రర్ వస్తుంది. ఇంటర్‌లో 960 తెచ్చుకున్నవాడు, ఇప్పుడు ‘నాకు సాఫ్ట్‌వేర్ రాదు నాన్నా’ అంటున్నాడు. మొదటి ఏడాది కొన్న 8 జీబీ ల్యాప్‌టాప్ ఉంది, అందులో ఉన్నది మామూలు హార్డ్ డిస్కే. మా అన్నగారి అబ్బాయి ఏఐ నేర్చుకుని బెంగళూరులో స్థిరపడ్డాడు. విజయవాడలో అరవై వేలు కట్టి మూడు నెలల ఏఐ కోర్సులో చేర్పించమంటారా? యాప్‌లు, ఏఐ రెండింటిలో ఏది మేలు?
— ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: అయ్యా, మీరు అడిగింది రెండింటిలో ఏది మేలని, ఉత్తరమంతా చదివితే కనిపించేది మాత్రం మీ అబ్బాయి ఈ చదువుకు పనికిరాడేమోనన్న భయం. ఆ భయానికి ఆధారం లేదని ముందే చెబుతున్నాను. ప్రాజెక్టులు మొదలయ్యే రోజుల్లో ఇదే మాట అంటూ ఏటా నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి ప్రోగ్రాము రాయడం బాగానే వచ్చు. రాసినదాన్ని నడిపించవలసిన పనిముట్లే వారికి సహకరించవు.

ఆండ్రాయిడ్ స్టూడియోతో పాటు ఎమ్యులేటర్ (కంప్యూటర్ తెరమీదే ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రాము) కూడా నడవాలంటే కనీసం 16 జీబీ ర్యామ్ (పని జరుగుతుండగా కంప్యూటర్ వాడుకునే తాత్కాలిక జ్ఞాపకం) ఉండాలని గూగుల్ సంస్థే చెబుతోంది. మీ 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఆ రెండూ, వాటికి తోడు క్రోమ్ కూడా తెరిస్తే, ర్యామ్ చాలక కంప్యూటర్ హార్డ్ డిస్క్‌నే ర్యామ్‌గా వాడుకోవడం మొదలుపెడుతుంది. రాసిన ప్రోగ్రామును యాప్‌గా మార్చే బిల్డ్ సమయంలో పుట్టే వేలాది చిన్న ఫైళ్లను యాంటీవైరస్ ఒక్కొక్కటిగా తనిఖీ చేస్తూ మిగిలిన వేగాన్ని కూడా మింగేస్తుంది. దీనికీ అబ్బాయి తెలివితేటలకూ ఏ సంబంధమూ లేదు.

ఎర్రర్ల సంగతీ అంతే. యూట్యూబ్‌లో 2019 నాటి పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా దించినా ఈనాటి స్టూడియోలో అది చాలాసార్లు నడవదు. ఆ పాఠాల్లో లైబ్రరీల (ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్కల) కోసం వాడిన జేసెంటర్ అనే ఆన్‌లైన్ భాండాగారం 2021లోనే కొత్తవాటిని తీసుకోవడం మానేసింది. యాప్‌ను బిల్డ్ చేసే పనిముట్టయిన ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్‌లో 2023లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ జావా 17 లేనిదే కదలదు. తెరమీద నలభై వరుసల ఎర్ర అక్షరాలు పడగానే పిల్లలు మొదటి వరుస దగ్గరే బెదిరిపోతారు, కాని అసలు కారణం సాధారణంగా కిందెక్కడో ‘కాజ్డ్ బై’ అన్న మాట పక్కన ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోవడం తరగతిలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు గాని, ఉద్యోగంలో చేరాక దాదాపు రోజూ చేయవలసిన పని అదే.

ఏఐలో ఈ బాధ ఉండదని మీకెవరు చెప్పారో నాకు తెలియదు. అక్కడ వాడే పైథాన్ భాష లైబ్రరీల వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగవు. ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే డ్రైవరు, ఆ చిప్‌తో లెక్కలు చేయించే కుడా, ఏఐ నమూనాలు తయారుచేసే పైటార్చ్ మూడింటికీ లంకె కుదర్చడానికే ఒక ఆదివారం గడిచిపోతుంది. బ్రౌజర్‌లోనే ప్రోగ్రాము నడిపించే గూగుల్ కొలాబ్ అలాంటి చిప్‌ను (జీపీయూ) ఉచితంగా ఇస్తుంది నిజమే, అయితే కాసేపు కదలిక లేకపోతే కనెక్షన్ తెంచేస్తుంది, విడిగా భద్రపరచుకోని పనంతా దానితోపాటే పోతుంది. ఏఐ రంగం వద్దని నేను అనడం లేదు, ఆ పేరుతో అమ్ముతున్న మూడు నెలల కోర్సుల మీదే నా అనుమానమంతా. ఆ రంగానికి పునాది లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత, గణాంకాలు. అవి మూడు నెలల్లో వంటబట్టేవి కావు. అందుకే చాలాచోట్ల ముందే ప్రోగ్రాము రాసి ఉన్న నోట్‌బుక్ ఫైలు ఇచ్చి వరుసగా రన్ నొక్కిస్తారు, టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతికారో ఊహించే ప్రాజెక్టు చేయిస్తారు, తరగతిలోని అందరి రెజ్యూమేల్లోనూ అదే ప్రాజెక్టు కనిపిస్తుంది.

ఇక మిమ్మల్ని కొంచెం గట్టిగానే అడగాలి. అరవై వేల ఫీజుకు సిద్ధపడిన మీరు, ల్యాప్‌టాప్ సరిపోతోందా అని అబ్బాయిని ఒక్కసారైనా అడిగారా? ఇంటర్ మార్కులూ అన్నగారి అబ్బాయి ఉద్యోగమూ మీ ఉత్తరంలోనే ఇంతగా వినిపిస్తుంటే, ఇంట్లో ఇంకెంతగా వినిపిస్తున్నాయో ఊహించగలను. అలాంటి ఇంట్లో ‘ల్యాప్‌టాప్ చాలడం లేదు’ అన్నమాట సాకులా తోస్తుందని జంకి, తనకే చేతకాదని పిల్లవాడు ఒప్పేసుకుంటాడు. మీ ఫోన్‌లో వీడియో అర నిమిషం ఆగితే మీరు ఎంత విసుక్కుంటారో గుర్తు తెచ్చుకోండి.

పోలిక అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను: లెక్కలంటే నిజంగా ఇష్టముంటే ఏఐ, వాడేవారి చేతికి అందే వస్తువు తయారు చేయడం ఇష్టమైతే యాప్‌లు. మూడో సంవత్సరంలోనే ఇది తేల్చుకోకపోతే కొంపలేమీ మునగవు.

ముందు ల్యాప్‌టాప్‌ను దగ్గరలోని కంప్యూటర్ దుకాణానికి తీసుకెళ్లి, వెనుక మూత తీయించి, ర్యామ్ పెంచే వీలుందో లేదో చూపించండి. కొన్నింటిలో అది బోర్డుకే అతికించి ఉంటుంది. వీలుంటే 16 జీబీ చేయించి, హార్డ్ డిస్క్ స్థానంలో దానికంటే ఎంతో వేగమైన ఎస్.ఎస్.డి. వేయించండి, ఆ ఖర్చు మీరు కట్టబోయే ఫీజులో కొంత భాగమే అవుతుంది. ర్యామ్ పెంచే వీలు లేకపోయినా ఎస్.ఎస్.డి. ఒక్కటే చాలా తేడా చూపిస్తుంది. ఎమ్యులేటర్ మానేసి తన ఫోన్‌నే యూఎస్‌బీ తీగతో కలిపి యాప్ పరీక్షించుకోమని, ప్రాజెక్టు ఫోల్డరును యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించమని అబ్బాయికి చెప్పండి. సీట్లు అయిపోతున్నాయని శిక్షణ సంస్థవారు ఫోన్ చేస్తే, సెమిస్టరు పరీక్షలయ్యాక అబ్బాయే వచ్చి మాట్లాడతాడని చెప్పి పెట్టేయండి.