జాలి చూపించి అడగొద్దు, తిరుగుబాటు చూపించి అడుగు

తమ్ముడూ,

బానిసల తిరుగుబాటు మీద నువ్వు తీస్తున్న డాక్యుమెంటరీ రఫ్ కట్ (తొలి ఎడిటింగ్) చూశాను. సినిమా బాగుంది, పూర్తి చేసి తీరాలి. కానీ విరాళాల కోసం నువ్వు రాసుకున్న పేజీ మార్చు. తెరవగానే కొరడా దెబ్బలు తిన్న వీపు ఎందుకు? నీ కథ అది కాదు కదా! 1811 జనవరి 8 రాత్రి లూసియానాలో ఆండ్రీ అనే యజమాని చెరకు తోట నుంచి, తిరుగుబాటు నాయకుడు చార్లెస్ డెలాండ్‌తో కలిసి బయల్దేరిన బానిసలు మిసిసిపీ నది వెంబడి న్యూ ఆర్లీన్స్ వైపు నడిచారు, దారిలో ఒక్కో తోట నుంచి జనం వచ్చి కలుస్తుంటే చూస్తుండగానే వందలమంది అయ్యారు, చాలామంది చేతుల్లో ఉన్నవి చెరకు నరికే కత్తులే. ట్రైలర్ ఆ నడకతోనే మొదలవ్వాలి. తిరుగుబాటు అణచేశాక వాళ్ల తలలు నరికి నది పొడవునా కర్రలకు గుచ్చిన సంగతి చెప్పు, దాచకు, కానీ దాన్ని చూపించి డబ్బులడగొద్దు.

అప్పటికి ఫోటోలే లేవు. పట్టుబడ్డవాళ్లని డెస్ట్రెహాన్ తోటలో విచారించిన కాగితాలున్నాయి గానీ అవి యజమానులు రాయించినవి. అందుకే యానిమేషన్ కావాలని, దానికి ఇంత అవుతుందని సూటిగా రాయి. ఊరికే పోస్ట్ ప్రొడక్షన్ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. సౌండ్ మిక్సింగ్‌కి ఎంత, సంగీతం హక్కులకి ఎంత, ఆర్కైవ్ ఫీజులు ఎంత, టీవీవాళ్లు అడిగే ఇన్సూరెన్స్‌కి ఎంత, అన్నీ విడివిడిగా పెట్టు.

జనం దగ్గర విరాళాలు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో లక్ష్యం చేరకపోతే ఒక్క డాలరూ రాదు, చేరితే వాళ్ల 5 శాతం, కార్డు చార్జీలు పోతాయి. కాబట్టి మొత్తం బడ్జెట్ అక్కడ పెట్టకు, మిక్సింగ్ వరకే అడుగు. పేజీ తెరవకముందే తెలిసినవాళ్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాట తీసుకో, గ్రూపులో మెసేజ్ పడేస్తే ఎవరూ కదలరు. పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు పన్ను మినహాయింపు అడుగుతారు, అమెరికాలో దానికి నీ తరఫున విరాళం తీసుకునే ఫిస్కల్ స్పాన్సర్‌గా ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉండాలి, వాళ్లూ కొంత శాతం తీసుకుంటారు. షూటింగ్ మొదలైన డాక్యుమెంటరీలకి, అమెరికా పబ్లిక్ టీవీ కోసం సినిమాలకి డబ్బు పెట్టే ఐటీవీఎస్ సంస్థ ఓపెన్ కాల్ పేరుతో దరఖాస్తులు తీసుకునేది, ఇప్పుడు తెరిచి ఉందేమో కనుక్కో. అది ఊరికే ఇచ్చే గ్రాంటు కాదు, పబ్లిక్ టీవీ హక్కులతో ముడిపడిన ఒప్పందం, ప్రతి లైనూ చదివాకే సంతకం పెట్టు.

ఇంకొకటి, ఆ మనుషుల వారసులు నీతో కెమెరా ముందు మాట్లాడారు. పేజీ బయటికి వెళ్లేలోపు వాళ్లకి చూపించు, వాళ్లు వద్దన్న ఫోటో ఎంత డబ్బు తెచ్చేదైనా సరే తీసెయ్.

కొత్త బడ్జెట్ ఆదివారంలోపు పంపు, చూసి పెడతాను.