గాఢతా, సాంద్రతా?

సందేహం: మా పాప ఇంటర్ కెమిస్ట్రీ నోట్సులో 'క్రియాజనకాల (రసాయన చర్యలో పాల్గొనే పదార్థాల) గాఢత పెరిగితే చర్యా రేటు పెరుగుతుంది' అని ఉంది. నిఘంటువులో గాఢం, సాంద్రం రెండూ చిక్కనివే కదా, 'సాంద్రత' అని రాస్తే తప్పా? చక్కగా 'వేగం' అనకుండా ఈ 'రేటు' ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఎర్రగుంట్ల, కడప జిల్లా

సమాధానం: తప్పేనమ్మా, మార్కులు పోతాయి. సంస్కృతంలో ఇవి దగ్గరి మాటలే గానీ శాస్త్రం వాటికి వేరువేరు పనులు పంచింది. ఒక లీటరు ద్రావణం ఎంత బరువు తూగుతుందో చెప్పేది సాంద్రత, ఆ లీటరులో కరిగిన పదార్థం ఎంతుందో చెప్పేది గాఢత. అమ్మోనియా ద్రావణాన్నే చూడండి, గాఢత పెరిగేకొద్దీ దాని సాంద్రత తగ్గుతుంది! ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి తగ్గుతోందంటే ఆ రెండు మాటలూ ఒకటెలా అవుతాయి?

మీ వైపు ఇళ్లలో నాపబండలే కదా. బాత్రూం కడిగే యాసిడ్ చుక్క బండ మీద పడితే బుసబుసా నురగ వస్తుంది, అదే యాసిడ్‌ను బాగా పలచన చేసి వేస్తే నురగ మెల్లగా లేస్తుంది. బండ అదే, యాసిడ్ అదే, కాకపోతే రాతికి తగిలే యాసిడ్ కణాలు తగ్గాయి. మీ పాప నోట్సులో వాక్యం చెప్పేది ఇదే. అన్నట్టు, పలచన చేయడమంటే 'నీళ్లలో యాసిడ్' పోయడం, 'యాసిడ్‌లో నీళ్లు' కాదు. ఈ 'లో' తారుమారైతే యాసిడ్ చిమ్మి ముఖాన పడుతుంది, దయచేసి పిల్లలకు గట్టిగా చెప్పండి.

ఇక 'చర్యావేగం' తప్పేమీ కాదు, ఆ మాటా వాడుకలో ఉంది. కానీ భౌతికశాస్త్రంలో వేగానికి దిశ ఉంటుంది, దిశ లేనిది వడి. ఇక్కడ దిశతో పని లేదు, సెకనుకు గాఢత ఎంత మారిందన్నదే లెక్క. అందుకే నాకు రేటే నచ్చుతుంది. టమోటా రేటంటే కిలోకింత, ఇది సెకనుకింత. ఇంగ్లిష్ నుంచి వచ్చినా ఎప్పుడో మనదైపోయిన మాట.

ఆ వాక్యంలో నాకు కనబడిన లోపం వేరే ఉంది. 'పెరుగుతుంది' ముందు 'సాధారణంగా' ఉండాలి. కాగిన ప్లాటినం మీద అమ్మోనియా విడిపోయేటప్పుడు, పీడనం ఎక్కువగా ఉంటే లోహం మీద చోటంతా అప్పటికే నిండిపోయి ఉంటుంది, ఇంకెంత అమ్మోనియా పంపినా రేటు కదలదు. దీన్నే శూన్య క్రమాంక చర్య అంటారు, పాపకు సిలబస్‌లోనే వస్తుంది.