నంబరు పంపినందుకే ముద్దాయి అవుతాడా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. మావాడు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. స్నేహితుడు అడిగితే గంజాయి అమ్మేవాడి నంబరు వాట్సాప్‌లో పంపాడట. రూపాయి ముట్టలేదు. ఆ స్నేహితుడు 150 గ్రాములతో దొరికాడు. స్టేషన్‌కి రమ్మని మావాడికి ఫోన్ వచ్చింది. కేసవుతుందా?

జవాబు: కేసు పెట్టొచ్చండీ. శిక్ష పడుతుందా అన్నది ఆ మెసేజ్‌లో ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది.

1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నిరోధక) చట్టం సెక్షన్ 29 ప్రకారం నేరానికి తోడ్పడినవాడికీ అసలు నేరానికున్న శిక్షే. డబ్బు ముట్టలేదన్నది మీకు మేలే గానీ, అదొక్కటే కాపాడదు. తెలిసి, ఆ కొనుగోలు జరగాలనే సాయం చేశాడా అన్నదే చూస్తారు. ‘వీడికి ఫోన్ చెయ్యి, సరుకిస్తాడు’ అని రాసి నంబరు పెడితే ఉద్దేశం ఆ మాటలోనే బయటపడుతుంది. ఉత్త నంబరే పంపి, ముందూ వెనకా గంజాయి ఊసే లేకపోతే వాదించడానికి చోటుంది. అయితే పోలీసులు ప్రాథమిక విషయాలు రుజువు చేశాక, సెక్షన్ 35 కింద ఉద్దేశం ఉందనే కోర్టు అనుకుంటుంది. లేదని చూపాల్సింది మీవాడే. అందుకని చాట్ చెరపనివ్వకండి. అది మీకే కావాలి, పైగా చెరిపితే సాక్ష్యం మాయం చేశాడని బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 238 కింద ఇంకో కేసు.

150 గ్రాములంటే తక్కువ పరిమాణమే. కిలో లోపు గంజాయికి ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. నా భయమంతా అమ్మేవాడి గదిలో దొరికే సరుకు గురించి. అక్కడ 20 కిలోలు దాటి పట్టుబడి, అందరినీ ఒకే క్రైమ్ నంబరులో చేరిస్తే 10 నుంచి 20 ఏళ్ల సెక్షన్ పడుతుంది, సెక్షన్ 37 వల్ల బెయిల్ గగనమవుతుంది. ఆ నిల్వ సంగతి మీవాడికి తెలియదని, సెక్షన్ 29 దానికి అంటదని మొదటి రోజు నుంచే లాయర్ గట్టిగా చెప్పాలి.

‘ఫలానావాడు నంబరిచ్చాడు’ అని స్నేహితుడు పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట ఒక్కదానితో శిక్ష వెయ్యలేరు. 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఈ చట్టం సెక్షన్ 67 కింద అధికారులు తీసుకున్న ఒప్పుకోలు కూడా చెల్లదంది. కాల్ డేటాలో ఎవరు ఎవరికి చేశారో తెలుస్తుంది గానీ ఏం మాట్లాడారో తెలియదు.

ఫోన్ మీద పిలిస్తే నోటీసు కాగితం అడగండి. పైన బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 179 అని ఉంటే సాక్షిగా, 35(3) అని ఉంటే అనుమానితుడిగా పిలిచినట్టు. రెండోదైతే లాయర్‌తో మాట్లాడాకే, కానీ తప్పకుండా చెప్పిన తేదీకి వెళ్లాలి. ఎగ్గొడితే అరెస్టుకు దారిచ్చినట్టే. విచారణలో చెప్పింది రాసుకుంటే దాని మీద సంతకం చెయ్యనక్కర్లేదు. తెల్లకాగితం మీద అసలే వద్దు. ఫోన్ తీసుకుంటే మధ్యవర్తుల నామాలో ఐఎంఈఐ నంబరు (ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య) రాయించండి. అరెస్టు చేస్తారనిపిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 482 కింద జిల్లా సెషన్స్ కోర్టులో ముందస్తు బెయిల్ వేయొచ్చు.

మీవాడికీ ఆ అలవాటుందేమో తిట్టకుండా అడగండి. ఉంటే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసి చికిత్సకు చేర్చండి. తనంతట తానే చికిత్సకు వెళ్లిన వ్యసనపరుడికి, వాడకం లేదా తక్కువ పరిమాణం కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే అది పోతుంది.