ఏడిస్తే చెయ్యి పట్టు తప్పుతోంది

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. మొయమొయ (మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడిపోయే జబ్బు) అని నెల కిందట తలకు ఆపరేషన్ చేశారు. మొన్న అన్నతో గొడవపడి వెక్కివెక్కి ఏడ్చింది. చేతిలోంచి పెన్సిల్ జారిపోయింది. పది నిమిషాల్లో మామూలైంది కానీ నాకు ఒకటే టెన్షన్.
– ఓ తల్లి, ఒంగోలు

జవాబు: మామూలైపోయిందని ఊరుకోకండమ్మా. ఇంకా చూపించకపోతే ఇవాళే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెక్కి ఏడిస్తే ఊపిరి వేగమై రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. బుడగలు ఊదినా, వేడి నూడుల్స్ ఉఫ్ ఉఫ్‌మంటూ తిన్నా అంతే. ఆపరేషన్‌లో మెదడు మీద అమర్చిన రక్తనాళం కొత్త కొమ్మలు వేయడానికి నెలలు పడుతుంది, అందాకా పక్షవాతం ముప్పు ఉంటుంది. అలాగని ఏడవకూడదని అడిగిందల్లా కొనిస్తే గారం నెత్తికెక్కుతుంది, అది ఇంకో తలనొప్పి!

నీళ్లు బాగా తాగించండి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆస్పత్రికే. ఆస్పిరిన్ రాసిచ్చి ఉంటే మీ అంతట మీరు ఆపొద్దు. ఫ్లూ, ఆటలమ్మ లాంటివి వస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా 108కి ఫోన్ చేయండి. అప్పుడు మాత్రం నోట్లో నీళ్లు పొయ్యకండి.