ప్రొసెక్కో: ద్రాక్ష పేరా, ఊరి పేరా?

ప్రశ్న: మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. విక్టోరియాలోని కింగ్ వ్యాలీలో తయారైన ప్రొసెక్కో వైన్‌ని సింగపూర్‌లో మా బావగారి రెస్టారెంట్‌కి పంపాలనుకున్నాం. లేబుల్ మీద ఆ పేరుంటే సరుకు తీసుకోనని అక్కడి దిగుమతిదారు అంటున్నాడు. ఇక్కడ బాహాటంగా అమ్ముతున్నదే కదా, అక్కడేం అడ్డం?

జవాబు: ఇలాంటి పేర్ల మీద హక్కు ఏ దేశానికి ఆ దేశం విడిగా ఇస్తుందండీ. సరుకు తయారైన చోటు కాదు, అమ్మే చోటి చట్టం చూడాలి. మీ దిగుమతిదారు భయం ఊరికే పుట్టింది కాదు.

ప్రొసెక్కో ఇటలీలో ట్రియెస్టె పక్కనున్న ఊరు. ఆ పేరే అక్కడి తెల్లద్రాక్షకీ, దాంతో చేసే స్పార్క్లింగ్ వైన్‌కీ వచ్చింది. కింగ్ వ్యాలీలో 1999లో ఆ తీగలు నాటేనాటికి ఇటలీలో కూడా అది ద్రాక్ష పేరే. 2009లో ఇటలీ ఓ ఎత్తు వేసింది. ద్రాక్షకి 'గ్లేరా' అని పేరు మార్చి, ప్రొసెక్కోని ప్రాంతం పేరుగా ఉంచుకుంది. ఈ వైన్‌కి పేరుపడ్డ వల్దొబ్బియాదెనే కొండలు ఆ ఊరికి చాలా దూరం. అయినా ఊరు కూడా కలిసొచ్చేలా హద్దులు గీశారు. వకీలుగా నాకు ముచ్చటేసింది, రైతునైతే ఒళ్ళు మండేది.

మన బంగినపల్లి మామిడిదీ ఇదే చిక్కు. ఊరి పేరు రకానికొచ్చింది, 2017లో ఆంధ్రప్రదేశ్‌కి జీఐ (భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకుకే ఆ పేరు వాడే హక్కు) వచ్చింది. మరి తెలంగాణ తోటలో కాసిన అదే కాయని ఏమని పిలవాలి?

ఆస్ట్రేలియాలో యూరప్ పెట్టిన జీఐ దరఖాస్తు 2013లో వీగిపోయింది. ప్రొసెక్కో ద్రాక్ష రకం పేరన్నదే కారణం. సింగపూర్ అప్పీలు కోర్టు కూడా 2023లో అది ద్రాక్ష పేరేనని ఒప్పుకుంది. కానీ, జీఐ ఇస్తే వైన్ ఎక్కడిదో తెలియక కొనేవాళ్ళు మోసపోతారని, నమోదుకి అడ్డుచెప్పిన ఆస్ట్రేలియా వైన్ తయారీదారుల సంఘం రుజువు చేయలేదంది. దాంతో ఇటలీ వాళ్ళ నమోదుకి దారి తెరుచుకుంది.

కాబట్టి సింగపూర్ సీసాలకి వేరే లేబుల్ వేయించండి. ద్రాక్ష పేరు గ్లేరా అని, దేశం ఆస్ట్రేలియా అని స్పష్టంగా ఉండాలి. 'ప్రొసెక్కో తరహా' అని రాసి తప్పించుకోవాలని చూడకండి. వైన్ల జీఐల విషయంలో ఆ 'తరహా' అన్న మాట చెల్లదని ప్రపంచ వాణిజ్య సంస్థ మేధాసంపత్తి ఒప్పందం 'ట్రిప్స్' 23వ అధికరణంలోనే ఉంది. అచ్చుకి ముందు లేబుల్‌ని సింగపూర్ లాయరుకి చూపించండి. కొత్త లేబుళ్ళ ఖర్చెవరిదో వైనరీతో కాగితం మీద రాయించుకోండి. బావగారి మెనూ కార్డులోనూ ఆ పేరు మార్పించడం మరవకండి.