అరవై ఎకరాల కౌలు, ఇరవై లక్షల అప్పు: ఇంతకీ భయం ఎవరి గురించి?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. అబ్బాయి ఈ ఏడాది బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేశాడు. బ్యాంకు ఉద్యోగానికి చదవమంటే వినడం లేదు. అరవై ఎకరాలు కౌలుకు తీసుకుని వరి వేస్తాడట, అప్పు చేసి కోత మిషన్ కొంటాడట. మా వైపు కౌలు ఏడాదికి ఎకరాకు 30 బస్తాలు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) కలిపి ఎకరాకు 70 బస్తాలు పండుతాయి, ఖర్చు పంటకు 30 వేలు. మాకున్నది రెండెకరాలు. అందులో ఒకటి మూడేళ్ల కిందట 40 లక్షలకు కొన్నాను, సగం డబ్బు రూపాయిన్నర వడ్డీకి తెచ్చి. ఆ సంగతి వాడికి తెలియదు. ఇప్పుడు పొలం తాకట్టు పెట్టమంటున్నాడు. వ్యవసాయమా, ఉద్యోగమా, ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: పరీక్షల సంగతి ఇక్కడ రాయను, అవి నాకంటే మీ అబ్బాయికే బాగా తెలుసు. వ్యవసాయం చదివిన కుర్రాడు చేలో దిగుతానంటే కంగారు పడాల్సిందేమీ లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. పైకి అందరూ పిల్లవాడి భవిష్యత్తు అనే రాస్తారు. లోపలి భయం మాత్రం ఉన్న పొలం చేజారుతుందేమోనని. మీ ఉత్తరంలో ఆ భయం దాగనైనా దాగలేదు.

మీరు రాసిన అంకెలతోనే లెక్క వేద్దాం. 2025-26కు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు దాదాపు 1,777 పడుతుంది. 70 బస్తాలకు లక్షా 24 వేలు. కౌలుకు 53 వేలు, ఖర్చులకు 60 వేలు పోతే ఎకరాకు మిగిలేది 11 వేలు. అరవై ఎకరాలకు ఆరున్నర లక్షలు. వినడానికి బాగుంది. కోతల వేళ తుఫాను వచ్చి చేను పడిపోయి, ఎకరాకు పది బస్తాలు తగ్గాయనుకోండి. ఆ 11 వేలు పోగా ఇంకో ఆరేడు వేలు చేతి నుంచి పెట్టుకోవాలి. అరవై ఎకరాల మీద నాలుగు లక్షల నష్టం. ఇందులో మిషన్ వాయిదాలు లేవు, పెట్టుబడి మీద వడ్డీ లేదు, మీవాడి ఏడాది కష్టానికి కూలీ లేదు.

ఎకరాలు పెరిగితే ఖర్చు తగ్గుతుందని అతను మీతో వాదించే ఉంటాడు. కొంత నిజమే. కానీ కౌలు తగ్గదు కదా, ఎకరా ఎకరాకూ ముప్పై బస్తాలు కొలవాల్సిందే. పైగా అరవై ఎకరాలు ఒకే చోట ఎవరిస్తారు? 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం ఒక కుటుంబానికి మాగాణి తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలే పరిమితి. అంటే పది పన్నెండు మంది ఆసాముల దగ్గర ముక్కలు ముక్కలుగా తీసుకుని, మిషన్‌ని గట్ల వెంట తిప్పుకోవాలి. అరవై ఎకరాల కోత ఎంతసేపు? వారం, పది రోజులు. మిగతా రోజులు పక్కవాళ్ల చేలు కోస్తేనే వాయిదా కట్టగలడు. అంటే సగం రైతు, సగం మిషన్ యజమాని.

అప్పు పుట్టడం ఇంకో తలనొప్పి. బ్యాంకులో 3 లక్షల లోపు పంట రుణం గడువులో కడితే వడ్డీ 4 శాతమే. అది కౌలుదారుకు అందాలంటే 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డు కావాలి. దానికి ఆసామి సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు, పొలం మీద అప్పటికే తమ పేర లోను ఉంటుంది. చివరికి ఎరువుల కొట్టు దగ్గరో, ధాన్యం కమీషన్ వ్యాపారి దగ్గరో చెయ్యి చాచాలి. 2011లో కోనసీమ రైతులు ఖరీఫ్‌లో నాట్లే వేయకుండా పంట విరామం ప్రకటించారు. వాళ్లకు సేద్యం రాక కాదు, లెక్క కుదరక.

ఉద్యోగం వదిలి పొలం బాట పట్టి లక్షలు గడించారనే వీడియోల మీద నాకు నమ్మకం తక్కువ. వాటిలో కనిపించేవాళ్లకు తాతల నాటి పొలమో, పదేళ్ల జీతం దాచిన సొమ్మో, ఇంట్లో మరొకరి ఉద్యోగమో ఉంటుంది. కెమెరా అటు తిరగదు. ఈ మధ్య ఒక కుర్రాడు ఫోన్లో ఎక్సెల్ షీటు తెచ్చి చూపించాడు. రంగులు వేసి, ముచ్చటగా ఉంది. వడ్డీ గడి ఎక్కడ బాబూ అన్నాను. కుడికి జరిపాడు, ఎడమకు జరిపాడు, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఇక మీ సంగతి. ఏమీ అనుకోకండి, కాస్త గట్టిగానే అంటాను. 20 లక్షలకు రూపాయిన్నర చొప్పున నెలకు 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు వడ్డీ. ఆ ఎకరం కౌలుకిస్తే వచ్చేది 53 వేలు. మీరే సాగు చేసినా, పండిన ప్రతి గింజా అమ్మినా లక్షా పాతిక వేలు దాటదు. వరి పండించి ఆ ధరకు కొన్న పొలం అప్పు తీర్చిన మనిషిని నేను చూడలేదు. మీరు కొన్నది రేటు పెరుగుతుందన్న ఆశను. కొడుకును అప్పు చేయొద్దంటున్న మీరు చేసిందేమిటి? అతనేమో ఆ పొలం అప్పు లేనిదనుకుని లెక్కలు కడుతున్నాడు.

పోలిక అడిగారు కాబట్టి రెండు ముక్కలు. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్రాధికారి పోస్టులకు 30 ఏళ్ల వరకు అవకాశం ఉంది. ఇరవై రెండేళ్ల వాడికి ఇంకా బోలెడు టైముంది. విత్తన కంపెనీలో రెండేళ్లు తిరిగినా, లోన్లు ఇచ్చే కుర్చీలో కూర్చున్నా, ఏ రైతు ఎందుకు మునిగాడో దగ్గరగా చూస్తాడు. ఈలోగా మీ రెండెకరాల్లో పాత ఎకరం, ఇంకో నాలుగు కౌలు ఎకరాలు అతనికే వదిలేయండి. మిషన్ అద్దెకు తెచ్చుకోమనండి. రెండు సార్వాలు, రెండు దాళ్వాలు చూశాక అరవై సంగతి అతనే తేల్చుకుంటాడు. ఈ వయసులో అయిదెకరాల మీద నష్టం వస్తే ఇంట్లో భరించగలరు, టెన్షన్ పడకండి. తాకట్టు మాత్రం వద్దు.

కౌలు మాటలు మొదలుపెట్టకముందే ఒక సాయంత్రం మీ నోటు కాగితం, ఇప్పటిదాకా కట్టిన వడ్డీ రాసుకున్న పుస్తకం అబ్బాయి ముందు పెట్టండి. అతని ఎక్సెల్‌లో లేని గడి ఏదైనా ఉంటే అప్పుడు నిండుతుంది.