టాపు తీసేస్తే కారు తేలికవుతుందా?

ప్రశ్న: మేస్త్రిగారూ, నమస్కారం. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ రెండో ఏడు. కాలేజీ ఎగ్జిబిషన్ కోసం మేం నలుగురం టాపు లేని, ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కారు గీశాం. టాపు లేదు కాబట్టి బరువు తగ్గుతుందనుకున్నాం. మా సార్ మాత్రం ‘పెరుగుతుంది’ అంటున్నారు. ఎలాగండీ?
- ఓ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: మీ సార్ చెప్పింది నిజమే బాబూ. రాయగడలో నా షెడ్డుకి ఒకాయన పాత కారు తెచ్చి, పెళ్లి ఊరేగింపులకని టాపు కోయించుకున్నాడు. మర్నాడు ముందు చక్రం కింద జాకీ పెట్టి లేపితే ఆ పక్క తలుపు బిగుసుకుపోయింది. జాకీ దించితే తెరుచుకుంది. అంటే బండి నడుం దగ్గర మెలి తిరుగుతోందన్నమాట. నాకు ఒకటే టెన్షన్. చివరికి తలుపుల కింద ఈ చివర్నుంచి ఆ చివరికి చదరపు పైపులు వెల్డింగ్ చేసిచ్చాను. తీసిన రేకు కంటే వేసిన పైపులే ఎక్కువ తూగాయి.

చెప్పుల అట్టపెట్టె తీసుకుని మూత అతికించి మెలిపెట్టి చూడు, లొంగదు. మూత తీస్తే గుడ్డలా తిరుగుతుంది. కారుకి టాపు ఆ మూత లాంటిది.

మరి తేలికైన ఓపెన్ కార్లు లేవా అంటే, ఉన్నాయి. వాటిని మొదటి గీత నుంచే టాపు లేకుండా ఆలోచించారు. 1996లో అమ్మకానికొచ్చిన, ఇంగ్లండు లోటస్ కంపెనీవాళ్ల ఎలీజ్ అనే కారు చూడు. దాని అల్యూమినియం చాసీ, అంటే బండి బరువంతా మోసే చట్రం, 68 కిలోలే, బండి మొత్తం 725 కిలోల చుట్టూ ఉంటుంది. తలుపుల కింద రెండు పక్కలా లోతైన పెట్టెల్లాంటి దూలాలుంటాయి, బలమంతా వాటిదే. అందుకే కాలు బాగా పైకెత్తి దాటితే గానీ లోపల కూర్చోలేం. నాకు మతిపోయింది మాత్రం ఇంకో సంగతికి. ఆ చాసీ ముక్కల్ని వెల్డింగ్ చెయ్యలేదు, ఎపాక్సీ జిగురుతో అతికించారు! వెల్డింగ్ వేడికి అల్యూమినియం మెత్తబడుతుంది, దాన్ని తట్టుకోవాలంటే మందం ముక్కలు వాడాలి. జిగురుకి ఆ బాధ లేదు, పల్చటి ముక్కలు చాలు. జన్మంతా వెల్డింగ్ రాడ్డు పట్టినవాణ్ణి, ఇది తెలిశాక రెండ్రోజులు అదే ధ్యాస.

ఆ చాసీ మీదే లోటస్ వాళ్లు 340ఆర్ అనే కాన్సెప్ట్ కారు (జనానికి చూపించడానికి చేసే నమూనా బండి) చేసి 1998 బర్మింగ్‌హామ్ షోలో పెట్టారు. దానికి టాపే కాదు, తలుపులూ లేవు. తర్వాత 340 బళ్లు చేసి అమ్మారు.

మీరూ తలుపులు తీసేసి గీయండి. అప్పుడు పక్క దూలాన్ని ఎంత ఎత్తుకైనా లేపుకోవచ్చు. మీరు పంపిన బొమ్మలో ఆ దూలం ఎత్తు వెయ్యలేదు. కొలతలేసి మళ్లీ పంపితే చూస్తాను.